బోను మీద పెట్టిన ముద్ద

సుధాకరరావు వంగి, బోను తలుపులోంచి చెయ్యి పెట్టి నిన్నటి రొట్టెముక్కలు బయటికి లాగాడు. చీమలు పట్టి ఉన్నాయి. నీళ్లగిన్నె కడిగి, కొత్త నీళ్లు పోసి, లేవడానికి తీగల వల పట్టుకున్నాడు. మోకాళ్లు టక్కుమన్నాయి. ఈ బోను వచ్చిన దగ్గర్నుంచీ ఆఫీసుకు పోయేముందు అతనికిదే పని.

బెడోక్‌లో ఈ పరాయి దేశపు పేటలో, అతను ఉండే ఫ్లాట్ల బ్లాకు కింద, కాలవ పక్క గడ్డిలో ఉంది ఆ బోను. పైన కప్పుకు బదులు నిచ్చెన మెట్లలా కర్రలు. కాకి రెక్కలు ముడుచుకుని ఆ సందుల్లోంచి లోపలికి దిగగలదు గానీ రెక్కలు విప్పుకుని పైకి రాలేదు. ఇక్కడి తేనెపిట్టల గూళ్లను కాకులు బతకనివ్వడం లేదని బ్లాకువాళ్లంతా కలిసి, అనుమతి తెచ్చుకుని పెట్టించారు. మెడ బూడిదరంగులో ఉండే ఆ కాకి ఈ నేలది కాదట, ఎప్పుడో మన దేశం నుంచి ఓడలెక్కి వచ్చిందట. మొదటి మీటింగులో ఆ మాట చెప్పినప్పుడు అందరూ సుధాకరరావు వంక చూసి నవ్వారు. అతనూ నవ్వాడు. ఇక్కడ ఉండి పనిచేసుకోవడానికి అతనికి పాసుంది, కాకికి లేదు, అంతే తేడా.

ఆ మీటింగుకు అతన్ని లాక్కెళ్లింది అతని భార్య రాధ. నాలుగో అంతస్తులో తమ గుమ్మం ముందు కారిడార్లో ఆవిడ మందారం పెంచింది. గాలికి కుండీ పడిపోకుండా పాత ఆకుపచ్చ చీర చింపి కమ్మీకి కట్టింది. ఆ కొమ్మకు తేనెపిట్ట గూడు కట్టింది. పిల్లలయ్యాయి. ఓ మధ్యాహ్నం కాకి వచ్చి వాటిని ఎత్తుకుపోయింది. రాధ చెప్పు పట్టుకుని కారిడార్ చివరిదాకా పరిగెత్తి, అక్కడే కూలబడి ఏడ్చింది. పిల్లల్లేని ఇల్లు వాళ్లది. ఆ ఏడుపు పిట్టల కోసమేనా అని అతను అడగలేదు. మర్నాడే ఆవిడ తన పేరూ అతని పేరూ కలిపి బోను పనికి రాయించేసింది. బోను వచ్చాక ఎన్నాళ్లో లేదు. జ్వరమని ఆస్పత్రికి వెళ్లి, ఇంటికి రాలేదు. రెండేళ్లయింది.

ఇవాళ తిథి. పంతులుగారు శనివారం తప్ప దొరకనన్నారు. ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజు. లీవడిగితే అతని టీమ్ లీడు నందిత, అతను పని నేర్పిన పిల్లే, "ఇవాళొక్క రోజూ కష్టం అంకుల్, ప్లీజ్" అంది. అందుకని తెల్లవారుతూనే తనే అన్నం వండి, నెయ్యీ నువ్వులూ కలిపి, ముద్ద చేసి, అరిటాకు ముక్కలో పెట్టుకుని కిందికి దిగాడు. ఆకును గడ్డి మీద పెట్టి, నాలుగడుగులు వెనక్కి వచ్చి నిలబడ్డాడు.

ఒక్క కాకీ రాలేదు. పోయినేడు ఆకు కింద పెట్టకముందే ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చి తిన్నాయి. ఈ ఏడాది బోను బాగా పనిచేసింది మరి.

పక్క బ్లాకులో ఉండే మహమ్మద్, పాయా లేబర్ ప్రాంతంలోని తన ఆఫీసుకు పోతూ, ఆగాడు. హైదరాబాదువాడు, బోను పనిలో అతనికి జోడీ.

"ఏమైంది సాబ్, ఒక్కటి గూడ వస్తలేదా?"

"ఎక్కడొస్తాయి భాయ్? ఉన్నవన్నీ మనమే పట్టిచ్చేశాం కదా. ఇవాళ మా ఆవిడ తద్దినం."

మహమ్మద్ బ్యాగు భుజం మార్చుకున్నాడు. "ఒకటున్నది. గీ బోను చుట్టే తిరుగుతది, లోపటికి మాత్రం పోదు, హుషారుది. బోను మీద్నే పెట్టుండ్రి. చీమలు గూడ పట్టయి."

సుధాకరరావుకు ఆ కాకి తెలుసు. దీపస్తంభం మీద కూర్చుని నాలుగో అంతస్తు వైపే చూస్తూ ఉంటుంది. రాధ మందారం మీద మళ్లీ గూడుంది, మళ్లీ రెండు పిల్లలున్నాయి. వారం నుంచి అతనికి సరిగ్గా నిద్ర లేదు. ఈసారి అవి ఎగిరిపోయేదాకా ఆ గూడును కాపాడితే చాలు, ఇంకేమీ అక్కర్లేదనుకుంటున్నాడు.

అయినా ఇవాళ్టికి ఆ కాకే దిక్కు. ఆకు తీసి బోను మీద కర్రల మధ్య పెట్టాడు. ఎన్ని కాకుల్ని పట్టించినవాడో, ఆ సందుల సంగతి అతనికి తట్టనే లేదు. అతని దృష్టిలో అది ఎర కాదు, ముద్ద.

చాంగీ బిజినెస్ పార్కులోని అతని ఆఫీసులో ఆ రోజు అన్ని రోజుల్లాగే గడిచింది. ఐటీ జోరు మీదుంది, ప్రతి సోమవారం హైదరాబాదు నుంచి కొత్త మొహాలు దిగుతున్నాయి. అతను వాళ్లకు సీటు చూపిస్తాడు, ఎక్కడ శాకాహారం దొరుకుతుందో చెప్తాడు, టెస్టింగ్ నేర్పిస్తాడు. ఏడాది తిరిగేసరికి వాళ్లు అతనికి పని చెప్తారు. కోపమేమీ లేదు. కోపానిక్కూడా ఓపిక కావాలి.

భోజనాల వేళ మహమ్మద్ నుంచి మెసేజ్ వచ్చింది. బ్లాకువాళ్లు ఫోన్ చేశారట, ఇప్పుడే కాకి పడింది.

సాయంత్రం ఎక్స్‌పో స్టేషన్లో ట్రైనెక్కి, నిలబడే ఇంటికి వచ్చాడు. కాకి బోనులో ఓ మూల నిలబడి ఉంది. ముద్ద సందులోంచి జారి లోపల పడినట్టుంది. ఆకు శుభ్రంగా ఉంది, ఒక్క మెతుకు లేదు.

సుధాకరరావు గడ్డిలో చతికిలపడ్డాడు. తిన్నదన్న తృప్తి ముందు కలిగింది. ఆ వెనకే దుఃఖం పొంగుకొచ్చింది.

"కడుపు నిండిందా?" అన్నాడు మెల్లిగా. కాకి తల పక్కకి వంచి చూసింది. రాధ కూడా అడిగినదానికి వెంటనే జవాబిచ్చే మనిషి కాదు.

మహమ్మద్ వచ్చి పక్కన నిలబడ్డాడు. "వ్యాను వస్తున్నది సాబ్. మీరు ఊఁ అంటే తలుపు తీస్త. నేనేం చూడలే, మీరేం చూడలే."

పట్టిన కాకుల్ని తీసుకుపోయే ఆ వ్యానెక్కిన కాకి తిరిగి రాదు. సుధాకరరావు లేచి తలుపు గడియ మీద చెయ్యి వేశాడు. ఏ రాధను వదిలిపెట్టాలి? ముద్ద తిన్న రాధనా, చెప్పు పట్టుకుని పరిగెత్తిన రాధనా? తలెత్తి నాలుగో అంతస్తు చూశాడు. చీకటి పడుతోంది, మందారం ఆకులు తప్ప ఏమీ కనబడలేదు.

"వద్దు భాయ్," అన్నాడు. "వదిలేస్తే మా ఆవిడ ఊరుకోదు."

వ్యానులో వచ్చిన మనిషి చేతికి గ్లౌజు తొడుక్కుని కాకిని గుడ్డసంచిలోకి దించాడు. కాకి ఒక్కసారి అరిచింది. సుధాకరరావు ఎవరికీ కనబడకుండా చేతులు జోడించాడు. వ్యాను వెళ్లిపోయింది. మహమ్మద్ అతని భుజం మీద చెయ్యి వేసి, లిఫ్టుదాకా వచ్చి వెళ్లాడు.

పైన కారిడార్లో పక్కింటి చైనీస్ ఆంటీ బట్టలు మడతపెడుతోంది. అతన్ని చూసి చెయ్యి ఊపింది.

"అంకుల్! యువర్ బర్డ్ ఆల్రెడీ ఫ్లై లాహ్! మార్నింగ్, యూ గో ఆఫీస్, దెన్ బోత్ ఫ్లై! సో క్యూట్!"

పొద్దున్నే ఎగిరిపోయాయి. కాకి ఇంకా ముద్ద ముట్టకముందే. థాంక్యూ ఆంటీ అన్నాడు.

తలుపు తాళం తీసి, లోపలికి పోకుండా కుండీ పక్కన కూర్చున్నాడు. మందారం కొమ్మకు గూడు వేలాడుతోంది, చేత్తో తాకితే తేలిగ్గా ఊగింది. లోపల ఏమీ లేదు. అంచు చుట్టూ మాత్రం, పిట్ట ముక్కుతో పీకి అల్లుకున్న ఆకుపచ్చ చీర పోగులు.