లీయమ్మ గెలిచిన గది

మిషన్ ఆసుపత్రిలో ఆడవాళ్ళ వార్డు ఆయా లీయమ్మకు లక్కీ డ్రాలో ఒక గది తగిలిందంటే బీదరులో మొదట ఎవరూ నమ్మలేదు. గది అంటే సొంతానికి కాదు లెండి, ఒక్క రాత్రికి. మైసూరు దగ్గర ఆనకట్ట కింద బృందావనం తోట ఉంది కదా, రంగుల దీపాల్లో నీళ్ళు ఎగిరే తోట, అందులోని పెద్ద హోటల్లో అన్నిటికంటే మంచి గది. ఇద్దరికి. రైలు ఖర్చూ భోజనాలూ ఇచ్చేవాళ్ళవే. మన రాష్ట్రాన్ని ఇంకా మైసూరు రాష్ట్రమనే పిలుస్తున్న రోజులవి. పేరు రోజూ నోట్లో నానేదే గాని, ఆ మైసూరు ఎలా ఉంటుందో చూసొచ్చినవాడు మాత్రం ఆ వాడలో ఒక్కడూ లేడు.

చిలక మార్కు టీ కంపెనీ పెట్టిన పోటీ అది. ఖాళీ పొట్లాల మీది చిలక బొమ్మలు కత్తిరించి గాంధీ గంజ్‌లో ఏజెంటు దుకాణంలో ఇస్తే డ్రాలో పేరు వేస్తారు. నర్సమ్మలు పారేసిన పొట్లాలన్నీ లీయమ్మ ఏరి, తడిగుడ్డతో తుడిచి దాచింది. ఆమె పెనిమిటి సిలాసు అదే గంజ్‌లో పప్పుల దుకాణంలో తూకం వేస్తాడు. "చిత్తు కాగితాలు ఏరుకుంటున్నవ్, ఇజ్జత్ పోతాంది" అని ఎన్నిసార్లు విసుక్కున్నాడో లెక్కలేదు. కంపెనీ మనిషి వచ్చి గది కాగితం చేతిలో పెట్టగానే ఆయనే గంజ్ అంతా తిరిగి "మాకు తగిలింది" అని చాటుకొచ్చాడు. ఆ ‘మాకు’లో పెళ్ళాం వాటా ఎంతో ఆయనకే తెలియాలి. కాగితం మీద పేరు రాయలేదు. ఎవరు తీసుకుపోయి చూపిస్తే గది వాళ్ళకే.

ఆ సాయంత్రం జొన్నరొట్టెలు కొడుతూ లీయమ్మ అడిగింది.

"గా గదిల పక్క ఎవరు పరుస్తరంటవ్?"

"నౌకర్లుంటరు."

"నేను పండే పక్కనే?"

"మరి నువ్వే పరుసుకుంటవా?"

లీయమ్మ చాలాసేపు నవ్వుకుంది. పెళ్ళి కాకముందు నుంచీ ఊరందరి పక్కలూ పరిచిన మనిషి ఆమె. కాన్పులవాళ్ళవి, జ్వరాలవాళ్ళవి, ప్రాణం పోయినవాళ్ళవి కూడా. ఇంకొకరు పరిచిన పక్క మీద ఆమె వీపు వాల్చింది లేదు. తన కాన్పులకు సైతం తన దుప్పటి తనే లాగి సరిచేసుకుని పడుకుంది. ఆ తోట సంగతీ నీళ్ళ సంగతీ ఆమెకు అంతగా పట్టలేదు. ఆ ఒక్క పక్క మీద ఆశ పడింది. పడితే తప్పేముంది?

సిలాసు బుర్ర మాత్రం ఇంకోవైపు పరిగెత్తింది. వాళ్ళ గుడిలో, అదే చర్చిలో, తొలిఫలం ఇవ్వడం ఒక ఆచారం. కోడి పెట్టిన మొదటి గుడ్డు, చేలో మొదటి పెసలు, ఏది ఇంటికి మొదట వచ్చినా ఆదివారం తెచ్చి బల్ల ముందు పెట్టాలి. గుడ్లూ గింజలూ అయితే అక్కడే ఉండిపోతాయి. పంచడానికి వీల్లేని పెద్ద వస్తువైతే మాత్రం పాస్టరు అయ్యగారు దాని మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి, "దేవుడు తీసుకున్నడు, మళ్ల నీకే ఇచ్చిండు" అని ఇచ్చినవాళ్ళ చేతికే తిరిగి ఇస్తారు. అంతకు ముందు ఏడాది ఎదురింటి ఏసప్ప కొత్త సైకిలు అలాగే పెట్టి, అలాగే తీసుకుని, జనం మధ్యలోంచి గంట కొట్టుకుంటూ ఇంటికి పోయాడు. ఆ గంట మోత సిలాసు చెవుల్లో అప్పటినుంచీ పోలేదు. అసూయ అనండి, ఇంకేమన్నా అనండి.

ఆదివారం పొద్దున లీయమ్మ స్నానానికి పోయినప్పుడు సిలాసు పెట్టెలోంచి ఆ కాగితం తీసి జేబులో పెట్టుకున్నాడు. అడగాలన్న మాటే తోచలేదు. ఎలాగూ తిరిగొచ్చేదే కదా అనుకున్నాడు.

కానుకల వేళ అందరికంటే వెనక లేచి, మెల్లగా నడిచి, కాగితం బల్ల మీద పెట్టి, అదేమిటో గొంతెత్తి చెప్పాడు. ఆడవాళ్ళ వైపు గుసగుసలు లేచాయి. ఇంతవరకూ అంతా ఆయన అనుకున్నట్టే జరిగింది. ఒక్కటే మరిచాడు మహానుభావుడు. పాత అయ్యగారు బదిలీ మీద పోయి, ఆ ఎండాకాలమే జయానందం అయ్యగారు కోలారు వైపు నుంచి వచ్చారు. అక్కడ ఇచ్చింది ఇచ్చినట్టే. తిరిగి ఇవ్వడం అనేది ఆయన ఎన్నడూ విననైనా వినలేదు.

జయానందం అయ్యగారు కాగితం మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. కళ్ళు తెరిచేసరికి ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి. "పెళ్ళైన దగ్గర్నుంచి మా రిబ్కాను నేను ఎక్కడికీ తీసుకుపోలేకపోయాను. సిలాసుగారి చేతి మీదుగా దేవుడే పంపించాడు" అని, కాగితం మడిచి అంగీ జేబులో పెట్టుకున్నారు.

సిలాసుకు తల కొట్టేసినట్టయింది. వెనక బెంచీలో ఏసప్ప దగ్గాడు. లీయమ్మ ఆడవాళ్ళ వైపు చాప మీద కూర్చుని పెనిమిటి వంకే చూస్తోంది. ఆయన మాత్రం అటు తల తిప్పలేదు.

అంతటితో అయిపోయినా ఒక తీరు. సందేళకు అయ్యగారమ్మ రిబ్కా కాగితం పట్టుకుని వాళ్ళ గుమ్మంలోకే వచ్చింది. ఎవరో చెప్పారట.

"ఇక్కడి పద్ధతి మాకు తెలియలేదు సిలాసుగారూ. ఏమనుకోకండి. ఇది మీదే, తీసుకోండి."

లీయమ్మ పొయ్యి దగ్గర్నుంచి లేచి, పిండి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది. చెయ్యి చాపింది కూడా. సరిగ్గా అప్పుడే ఎదురరుగు మీద ఏసప్ప, ఆయన వెనక ఇద్దరు ముగ్గురు, ఇటే చూస్తూ నిలబడి ఉండటం సిలాసు కంటబడింది.

"దేవునికిచ్చింది ఎట్ల తీసుకుంటమమ్మగారూ? మేమంత లేకిగ కనపడుతున్నమా? మీరే పోయిరాండ్రి" అన్నాడు, అరుగు మీదికి వినపడేలా.

లీయమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది. అయ్యగారమ్మను కూర్చోమని, చాయ్ పెట్టి ఇచ్చింది.

అయ్యగారు, అమ్మగారు పోయొచ్చారు. అమ్మగారు పనిగట్టుకుని వచ్చి అన్నీ చెప్పింది పాపం, సంతోషపెడదామనే. కిటికీ తెరిస్తే నీళ్ళు ఎగరడం కనిపించిందట. మంచం మెత్తదనానికి మొదట్లో నిద్రే పట్టలేదట. లీయమ్మ అన్నీ విని, "మంచిగైంది అమ్మగారూ" అంది. మనసారా అంది, అదే సిలాసుకు గుచ్చుకుంది. ఆమె తిట్టలేదు, అలగలేదు, ఏసప్ప పెళ్ళాంతో చెప్పుకుని ఏడవలేదు. రొట్టెలు వేళకు వేసింది, డ్యూటీకి వేళకు పోయింది. నాలుగు మాటలు అనుంటే ఎంత బాగుండేదని సిలాసు చాలాసార్లు కుమిలాడు. ఒకసారి ఆమె డ్యూటీలో ఉండగా తనే పరుపు దులిపి, దుప్పటి పరిచి పెట్టాడు. ఆమె వచ్చి చూసి, ఒక కొస లాగి సరిచేసి, పడుకుంది.

రాష్ట్రం పేరు కర్ణాటక అయింది. పిల్లలకు పెళ్ళిళ్ళయ్యాయి. లీయమ్మ ఆసుపత్రి పని నుంచి దిగిపోయిన వారంలో సిలాసు అంగడి నుంచి వస్తూ రెండు రైలు టికెట్లు తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

"మైసూరుకు. గా తోటల గదే అడిగిపిచ్చిన, ఇస్తమన్నరు. ఇన్నేండ్లు అదే మనసుల పెట్టుకొని తిరిగిన. ఒక్క పూటన్న నీ పక్క ఇంకొకరు పరవాలె."

లీయమ్మ టికెట్లను ముట్టుకోలేదు.

"పక్క కోసమే నా మనసు విరిగిందనుకున్నవా?"

"మరి?"

"గా కాగితం నాది. నేనేరిన బొమ్మలకొచ్చింది. నన్నడిగితే నేనే తీస్కపోయి బల్ల మీద పెడుదునేమో. పెట్టకపోదునేమో. అది నేను అనుకోవాల్సిన మాట. నా జన్మల దేవునికియ్యతగ్గది గంత పెద్దది ఒక్కటే వచ్చె. అది నువ్వు ఇచ్చుకుంటివి. అమ్మగారు వాపస్ తెస్తే మళ్ల నువ్వే వద్దంటివి. రెండు సార్లూ నేను ఆడనే ఉన్న."

తప్పు చేశానని సిలాసు ఇన్నేళ్ళూ బాధపడుతూనే ఉన్నాడు గాని, తప్పేదో ఇప్పటిదాకా తెలియనే లేదు. టికెట్లు ఆమె వైపు జరిపాడు.

"ఇప్పుడు అడుగుతున్న గద. పోదమా?"

లీయమ్మ ఆయన ముఖంలోకి చూసింది. ఆ చూపులో కోపం లేదు, జాలి ఉంది.

"ఏడ అడిగినవ్? టికెట్లు తెచ్చినంక చెప్పినవ్" అంది.