గుమ్మం ముందు దియ పాలు

ప్రతి నెలా ఒకటో తారీఖున, పొద్దున పదకొండు కాకముందే, దియ పాలు మెట్లెక్కి వచ్చేవి. వెనకాలే గుడ్ల అట్టపెట్టె, ఓట్స్ డబ్బా. ఇర్వింగ్‌లోని ఆ అపార్ట్‌మెంట్స్‌లో, రెండో అంతస్తు గుమ్మం ముందు వరసగా నిలబడి ఎదురుచూసేవి. సాయంత్రం దాకా తలుపు తియ్యకపోతే వచ్చిన దారినే దిగి స్టోర్‌కి వెళ్లిపోయేవి.

దియ తల్లి దమయంతి ఒక్కసారీ తియ్యలేదు.

మూడేళ్ల దియ ఇక్కడే, అమెరికాలోనే పుట్టింది. దియ తండ్రి రఘువీర్‌కి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం పోయి వేర్‌హౌస్‌లో పెట్టెలు మోసే పనిలో చేరాక, చిన్నపిల్లలకి గవర్నమెంట్ పాలూ గుడ్లూ ఇచ్చే విక్ కార్డ్ దియ పేరు మీద తీసుకున్నారు. తర్వాత రూల్స్ మారతాయని వార్తలొచ్చాయి. గవర్నమెంట్ సాయం తీసుకుంటే గ్రీన్‌కార్డ్ ఆగిపోతుందని ఒకరన్నారు, పిల్లల పేరు మీదదైతే ఫర్వాలేదని ఇంకొకరన్నారు. లాయర్‌ని అడిగితే, "ఇవాళ్టికైతే ప్రాబ్లం లేదు. రేపటి సంగతి నేను చెప్పలేను," అన్నాడు. ఆ రేపటికి జడిసి దమయంతి కార్డ్ కత్తిరించి చెత్తబుట్టలో పడేసింది. మరుసటి నెల నుంచి పాలు వాటంతటవే రావడం మొదలుపెట్టాయి.

ఎవరూ వింతగా చూడలేదు. కింది అంతస్తులో, ఇలాగే జడిసి కార్డ్ మానుకున్న రోసా గుమ్మం ముందు కూడా బీన్స్ వచ్చి నిలబడుతూనే ఉన్నాయి. పై అంతస్తులో కూతురి దగ్గరుంటున్న ధర్మారావు గారు వాకింగ్ నుంచి వస్తూ, కాలు తగలకుండా పక్కకి జరిగి, "అమ్మాయ్, మీవి వచ్చాయి. ఎండ మండిపోతోంది," అని చెప్పి వెళ్లేవారు.

"మావి కాదు బాబాయిగారూ," అనేది దమయంతి లోపలి నుంచే.

ఇంట్లో దియ గ్లాసులో సగం పాలు, సగం నీళ్లు. దమయంతి పొద్దున తినడం ఎప్పుడో మానేసింది. ఆగస్టులో డాక్టర్ దియని చూసి, ఒంట్లో రక్తం తక్కువగా ఉందంది. ఏం తింటోందని అడిగింది.

"అన్నీ," అంది దమయంతి.

సెప్టెంబర్ ఒకటిన పాలు వచ్చాయి. చీకటిపడుతున్నా వెళ్లలేదు. దియ తలుపు కింది సందు దగ్గర బోర్లా పడుకుని చూస్తోంది.

"అమ్మా, మిల్క్ టయర్డ్ అయింది. కూర్చోమని చెప్పు."

దమయంతి చాలాసేపు తలుపుకి ఆనుకుని నిలబడింది. తర్వాత తీసింది. చెమట పట్టిన క్యాన్ మీద దియ పేరు రాసుంది. తిప్పి తిప్పి చూసింది. తన పేరు గానీ రఘు పేరు గానీ ఎక్కడా లేదు. పక్కకి జరిగింది. పాలు లోపలికి నడిచాయి.

రఘువీర్ వచ్చేసరికి దియ మూతికి పాలు అంటుకుని ఉన్నాయి.

"రానిచ్చావా?" అన్నాడు బూట్లు విప్పుతూ.

"ఊఁ."

"రేపు గ్రీన్‌కార్డ్ ఇంటర్వ్యూలో అడిగితే?"

"చెబుదాం రఘూ. దియ పాలు, దియ తాగిందని."

ఆ వారంలోనే రఘువీర్ సెలవు పెట్టాడు, దియకి మళ్లీ విక్ కార్డ్ తీసుకోడానికి ముగ్గురూ క్లినిక్‌కి వెళ్లారు. లైన్లో వాళ్ల ముందు పిల్లాణ్ని ఎత్తుకుని రోసా ఉంది. వీళ్లని చూసి కాస్త జరిగి చోటిచ్చింది. రఘువీర్ ఫారం నింపాడు. కింద స్పష్టంగా సంతకం పెట్టాడు.