ఎనిమిది మంచి రిపోర్టులు

మా నాన్న లివర్‌లో మూడు సెంటీమీటర్ల గడ్డ ఉందనీ, అది క్యాన్సరేననీ డాక్టరు చెప్పినప్పుడు నేను ఏడవలేదు. కాగితం మీద నాన్న వయసు సరిగ్గా వేశారా లేదా అని చూశాను. సరిగ్గానే ఉంది. పేరు, ఇంటి నంబరు, తేదీ, ఎక్కడా పొల్లు పోలేదు. అందుకే నాకు ఇంకా అనుమానం వచ్చింది.

నా ఉద్యోగం అలాంటిది. పైచదువులకు అప్లికేషన్లు పెట్టేవాళ్లు పంపే సర్టిఫికెట్లు అసలువో నకిలీవో తేల్చే ఆఫీసులో నాలుగేళ్లుగా పనిచేస్తున్నాను. మరీ శుభ్రంగా ఉన్న కాగితం కనిపిస్తే ముందు దాన్నే పక్కన పెడతాను. అక్కడ నన్ను భూతద్దం అంటారు. ఆ పేరు ఇంటిదాకా పాకింది. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేనే కాబట్టి కరెంటు బిల్లు నుంచి మందుల చీటీ దాకా ఏ కాగితమొచ్చినా నా ముందుకే వస్తుంది. "మన భూతద్దాన్ని చూడనీండి" అంటాడు నాన్న. నేను పెట్టమన్నచోట సంతకం పెడతాడు. వద్దంటే పెన్ను మూసేస్తాడు.

సర్జన్ చెప్పింది కూడా సూటిగానే చెప్పాడు.

"ఒకటే గడ్డ. ఇంకా చిన్నదే. కోసి తీసేయొచ్చు. వచ్చే గురువారం ఒక చోటు ఖాళీగా ఉంది. అది వదులుకుంటే మళ్లీ ఐదు వారాలు. అప్పటికి ఇది ఇంతే ఉంటుందని నేను చెప్పలేను." కాగితం తిప్పి మళ్లీ చూశాడు. "హెపటైటిస్ బి వైరస్ కూడా ఉంది. చాలా ఏళ్ల నాటిదిలా అనిపిస్తోంది. ఇంతకుముందు కామెర్లు వచ్చాయా?"

"లేదండీ," అన్నాడు నాన్న. ప్రశ్న పూర్తికాకముందే అన్నాడు.

"ప్రతి ఏడూ క్యాంటీన్లో రక్తం చూస్తారండీ," అన్నాను నేను. "ఎప్పుడూ ఏమీ లేదనే వచ్చింది."

"అలాగా. అవి ఉంటే తీసుకురండి, చూద్దాం."

మా నాన్న ఒక ఫ్యాక్టరీ క్యాంటీన్లో పెద్ద వంటమనిషి. రోజూ నాలుగొందల మందికి వండుతాడు. బాబాయ్ అక్కడే గిన్నెలు కడిగే చోట ఉంటాడు. తిండి వస్తువు ముట్టుకునే ప్రతివాళ్లకీ ఏడాదికోసారి రక్తపరీక్ష ఉంటుంది. అందులో పాసైతేనే వంటగదిలోకి వెళ్లడానికి కార్డు ఇస్తారు.

బస్సులో అమ్మ నా చెవిలో గుసగుసలాడింది. "చుక్క మందు ముట్టనివాడికి లివర్ జబ్బేమిటే? స్కానింగు గదిలోకి మనకంటే ముందు ఒకాయన వెళ్లాడు గుర్తుందా, పొట్ట ఇంత? ఆయనది ఆ మిషన్లో ఉండిపోయి ఉంటుంది."

"మిషన్లో ఉండిపోదమ్మా."

"నీకేం తెలుసు. మిక్సీ కడగకపోతే ముందు రుబ్బినదాని వాసన రావడం లేదూ?"

నవ్వొచ్చింది. కానీ ఆ మాట నా బుర్రలో కూర్చుంది. మిషన్ సంగతి కాదు, తారుమారు సంగతి. ఒకరి రక్తం సీసా మీద ఇంకొకరి పేరు అంటించడానికి ఎంతసేపు పడుతుంది?

ఇంటికి రాగానే పాత రిపోర్టుల ఫైలు అడిగాను.

"ఇప్పుడవి ఎందుకు?" అన్నాడు నాన్న.

"డాక్టరు తెమ్మన్నాడుగా."

"పారేశాననుకుంటా."

మా నాన్న కరిగిపోయిన సబ్బుముక్కని కూడా కొత్త సబ్బుకి అతికించే మనిషి. ఆయన కాగితాలు పారేశాడంటే నమ్మలేకపోయాను. శనివారం ఆయన స్నానానికి వెళ్లినప్పుడు బీరువా అడుగున, పాత దుప్పట్ల కింద ఫైలు దొరికింది. ఎనిమిదేళ్లవి, ఎనిమిది రిపోర్టులు. అన్నిటిలోనూ వైరస్ లేదు. అన్నిటిలోనూ రక్తం గ్రూపు బి పాజిటివ్.

ఆసుపత్రి కాగితం పక్కన పెట్టి చూశాను. ఓ పాజిటివ్.

మనిషికి జుట్టు మారుతుంది, బరువు మారుతుంది. రక్తం గ్రూపు మారదు. నేను కుర్చీలోంచి లేచి అరిచాను. "అమ్మా! ఆ రక్తం నాన్నది కాదు! రక్తం మారితే స్కానూ మారి ఉంటుంది!"

అమ్మ చేతిలో గరిటె అలాగే పట్టుకుని వచ్చి నన్ను కావలించుకుంది. "నేను చెప్పలా? నేను చెప్పలా? ఆ పొట్టాయనదే!"

నాన్న తల తుడుచుకుంటూ వచ్చి అంతా విన్నాడు. నీకు క్యాన్సర్ లేదేమో అని కూతురు చెబితే మనిషి ముఖం ఎలా ఉండాలి? ఆయన ముఖం తప్పు చేస్తూ దొరికిపోయినవాడిలా ఉంది. తువ్వాలు తీగ మీద ఆరేసి, దాని అంచులు సరిచేసి, అప్పుడు అన్నాడు.

"అయితే ఇక గురువారం వెళ్లక్కర్లేదన్నమాట."

"ముందు మళ్లీ పరీక్ష చేయించాలి నాన్నా."

"నువ్వే తేల్చావుగా. మళ్లీ ఎందుకు? భూతద్దం చూసిందంటే చూసిందే."

సాయంత్రం బాబాయ్ వచ్చాడు. మామూలుగా అయితే గుమ్మంలోంచే "వదినా, ఇవాళ ఏంటి స్పెషలు?" అని కేకేసి, అడక్కుండానే కంచం తెచ్చుకుంటాడు. అమ్మ పరుగున ఎదురెళ్లి రక్తం గ్రూపు సంగతి చెప్పింది. బాబాయ్ "అలాగా" అన్నాడు. కూర్చోలేదు. నాన్నవైపు చూశాడు. "పనుంది వదినా" అని వెనక్కి తిరిగాడు. నాన్న చెప్పులు వేసుకుని వెనకే దిగాడు. నేను మెట్ల దగ్గర నిలబడ్డాను. కింద నుంచి రెండే ముక్కలు వినబడ్డాయి.

"నువ్వే చెప్పు అన్నయ్యా."

"నోర్మూసుకో."

వీళ్లకి ఏదో తెలుసు. ఆసుపత్రిని అనుమానించడం నాకు తేలిక, అది నా పనే. ఇంట్లోవాళ్లని అనుమానించడం నాకు ఎవరూ నేర్పలేదు. ఆదివారమంతా నాన్న ముఖం చూస్తూనే ఉన్నాను. ఆయన నా చూపు తప్పించుకుంటూనే ఉన్నాడు. మధ్యలో అమ్మ మాత్రం పాటలు పాడుకుంటూ ఇల్లు కడిగింది.

సోమవారం సెలవు పెట్టాను. "రానని అంటే ఎత్తుకుని తీసుకెళ్తాను" అని నాన్నని ఆసుపత్రి ల్యాబుకి బయలుదేరదీశాను. ల్యాబు చూసుకునే మేడమ్ కళ్లజోడు నుదుటి మీదకి తోసుకుని రెండు రకాల కాగితాలూ చూసింది. నేను నా అనుమానం చెప్పాను. ఆఫీసులో నకిలీ సర్టిఫికెట్ గురించి మాట్లాడే గొంతుతోనే చెప్పాను. ఆవిడకి కోపం రాలేదు.

"మంచిపని చేశారు. మీ కళ్ల ముందే చూద్దాం."

తెల్లటి పలక మీద నాన్న వేలి రక్తం మూడు చుక్కలు వేసింది. ఒకదానిలో నీలం మందు, ఇంకోదానిలో పసుపు మందు, మూడోదానిలో రంగులేని మందు వేసి పుల్లతో కలిపింది. "పాలు విరిగినట్టు విరిగితే ఆ గ్రూపు ఉన్నట్టు. నీలం విరిగితే ఏ, పసుపుది విరిగితే మీరు చెప్పిన బి, రెండూ విరక్కపోతే ఓ. రంగులేనిది విరిగితే పాజిటివ్." పలకని అటూ ఇటూ వంచింది. నేను వంగి చూశాను. నీలం విరగలేదు. పసుపు విరగలేదు. మూడోది గింజలు గింజలుగా విరిగింది.

"ఓ పాజిటివ్," అంది మేడమ్. "మా కాగితం కరెక్టు. మీ ఎనిమిది కాగితాలు కూడా ఒకదానితో ఒకటి చక్కగా కలుస్తున్నాయి. అంటే అవీ ఒకే మనిషివై ఉంటాయి. ఎవరివో మరి, మీకే తెలియాలి."

నాన్న వేలికి దూది అదుముకుని కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

బయట బెంచీ మీద కూర్చుని ఫైలు మళ్లీ తిరగేశాను. అన్నిటికంటే పాత రిపోర్టు వెనక పరీక్షకి ముందు నింపే ఫారం ఉంది. "గతంలో కామెర్లు వచ్చాయా?" అన్నదానికి ఎదురుగా "లేదు" అని రాసి ఉంది. గుండ్రటి అక్షరాలు. నావే. అప్పుడు నేను డిగ్రీ మొదటి ఏడు. నాన్న చెబుతుంటే నేను నింపాను. "ఎప్పుడూ రాలేదా?" అని అడిగిన గుర్తు. "రాయమన్నది రాయవే" అన్న గుర్తు. ఊళ్లోవాళ్లందరి కాగితాలూ అనుమానించే నేను, నా చేత్తో రాసినదాన్నే సాక్ష్యంగా పట్టుకుని ఆసుపత్రి మీదకి వచ్చాను.

"నాన్నా, బాబాయ్‌ది ఏ గ్రూపు?"

ఆయన వేలి మీది దూది తీసి చూసి, మళ్లీ అదుముకున్నాడు. అదే జవాబు.

నాన్నని ఇంటి దగ్గర దింపి క్యాంటీన్‌కి వెళ్లాను. మధ్యాహ్నం భోజనాలు అయిపోయాయి. మనిషి కూర్చుంటే కనబడనంత గిన్నె లోపలికి తలదూర్చి బాబాయ్ పీచుతో రుద్దుతున్నాడు. తెల్ల టోపీ, ముక్కుకి గుడ్డ, మెడ నుంచి మోకాళ్ల దాకా ఏప్రాన్. ఒక్క క్షణం నాన్నే అనుకున్నాను.

"బయటికి రా బాబాయ్."

గుడ్డ కిందకి లాగి నన్ను చూడగానే పీచు వదిలేశాడు. "తెలిసిపోయిందా అమ్మలూ?"

"నువ్వు చెప్పు."

"ఒక్కసారే అన్నాడమ్మా. మరుసటేడు కూడా ఒక్కసారే అన్నాడు." నవ్వబోయి ఆగిపోయాడు. "ముందు నా చీటీతో వరసలో వెళ్లేవాణ్ణి. బయటికొచ్చి అన్నయ్య టోపీ పెట్టుకుని, అన్నయ్య చీటీతో మళ్లీ వరస చివర నిలబడేవాణ్ణి. ఎడం చెయ్యి నాది, కుడి చెయ్యి అన్నయ్యది. సూది గుచ్చేవాళ్లు చీటీ చూస్తారు గానీ మొహం ఎవరు చూస్తారు?"

"ఎందుకు?"

"నువ్వు పుట్టకముందు ఒక హోటల్లో చేసేవాడు. కామెర్లొచ్చాయి. తగ్గాక పనికి వెళ్తే గుమ్మంలోంచే పంపేశారు. ఆయన తాగిన గ్లాసులు కూడా పారేశారట. మీ అమ్మతో పెళ్లికి ముందు సంగతి. ఇక్కడ ఈ పరీక్షలు మొదలుపెట్టిన రోజు నీ తండ్రి టోపీ తీసి నా చేతిలో పెట్టేశాడమ్మలూ. అంత మనిషి." నీళ్ల చేతుల్ని ఏప్రాన్‌కి మళ్లీ మళ్లీ తుడుచుకున్నాడు. "ఆయన రక్తమే ఇచ్చి ఉంటే ఎనిమిదేళ్ల కిందటే తెలిసేదా? నేనేనా అన్నయ్యని ఇంతదాకా తెచ్చింది?"

లేదని చెబితే బాగుండేది. "నాకు తెలీదు బాబాయ్," అన్నాను. "రేపు సర్జన్‌కి అంతా చెప్పేస్తాను."

ఇంట్లో బాబాయ్ చెప్పిందంతా చెప్పి, అదే మాట అన్నాను. నాన్న మంచం మీద నుంచి లేచాడు.

"నువ్వు చెబితే నేను గురువారం రాను. నా ఉద్యోగం పోతే పోయింది. వాడిదీ పోతుంది."

"చెప్పకపోతే నేను ఆపరేషన్ ఫారం మీద సంతకం పెట్టను. మళ్లీ అబద్ధం రాయను."

"ఓహో, చదివించినందుకా?"

"అవును, చదివించినందుకే."

అమ్మ అప్పటిదాకా గోడకి ఆనుకుని ఉంది. "ఆగండి ఇద్దరూ," అంది చిన్న గొంతుతో. నాన్నవైపు తిరిగింది. "మీకు కామెర్లొచ్చాయని నాకు పెళ్లయి ఇన్నేళ్లకి తెలిసింది. ఇంకేమన్నా ఉన్నాయా? ఉంటే ఇప్పుడే చెప్పండి. మళ్లీ మళ్లీ వినే ఓపిక నాకు లేదు."

నాన్న కూర్చున్నాడు. ఆ తర్వాత "నేనే చెబుతాను," అన్నాడు. "ఈ పిల్ల చెబితే సర్టిఫికెట్ చదివినట్టు చదువుతుంది."

మంగళవారం నిజంగానే ఆయనే చెప్పాడు. హోటలు, కామెర్లు, గ్లాసులు, టోపీ, అన్నీ. సర్జన్ మధ్యలో అడ్డురాలేదు.

"క్యాంటీన్ గొడవ నాకక్కర్లేదు. ఇక్కడ చెప్పింది ఇక్కడే ఉంటుంది. వైరస్ ఎన్నాళ్లదో తెలిసింది, నాకు కావాల్సింది అదే. దానికి టాబ్లెట్ ఇవాళే మొదలుపెడదాం. గురువారం ఆపరేషన్." ఫైలు మూసి, "ఒక్క మాట. ఈ వైరస్ వంటలోంచి అంటదు," అన్నాడు.

"అంటే?" అన్నాడు నాన్న.

"మీరు వండింది తిన్నవాళ్లకి రాదు. మీ గ్లాసులో తాగినా రాదు. రక్తం ద్వారా వస్తుంది, భార్యాభర్తల మధ్య వస్తుంది. ఇంట్లోవాళ్లందరికీ పరీక్ష చేయించండి."

"రాదా?"

"రాదు."

"మరి ఆ హోటలాయన..."

"ఆయనకి తెలీదు."

నాన్న తన అరచేతులు తిప్పి చూసుకున్నాడు. నూనె చిట్లిన మచ్చలున్న చేతులు. "నేనూ ఎవర్నీ అడగలేదు," అన్నాడు. నేను ఆయన మోచెయ్యి పట్టుకున్నాను. విదిలించుకోలేదు.

కింద ల్యాబులో అమ్మా నేనూ రక్తమిచ్చాం. మేడమ్ నా పేరు అడిగింది, సీసా మీద రాసింది. నేను చదివి చూసుకున్నాను. అమ్మ పేరు కూడా చదివి చూశాను. ఫలితాలు శుక్రవారం వస్తాయంది. అంటే నాన్న ఆపరేషన్ అయిన మర్నాడు.

బుధవారం పొద్దున నాన్నని చేర్చుకున్నారు. బాబాయ్ క్యాంటీన్‌కి సెలవు పెట్టి వచ్చి, మంచం పక్కన స్టూలు మీద కూర్చుని దిండుని నలిపేస్తున్నాడు.

"ఏరా, రేపు కూడా నువ్వే పడుకుంటావా బల్ల మీద?" అన్నాడు నాన్న.

"టోపీ ఇస్తే పడుకుంటా."

ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వు చూసి నాకు మళ్లీ అనుమానం వచ్చింది. మనిషి రాత్రికి రాత్రి మారిపోతాడా? ఈయన గుమ్మం దాకా వచ్చి వెనక్కి తిరిగే రకం కాదా?

నర్సు టాబ్లెట్ ఇచ్చి, వేసుకోండని చెప్పి పక్క మంచానికి వెళ్లింది. నాన్న నోట్లో వేసుకుని, నీళ్లు తాగి, గ్లాసు కింద పెట్టాడు.

"నోరు తెరువు," అన్నాను.

"ఏంటే?"

"నాలుక కింద చూడాలి."

"వదినా, చూశావా నీ కూతురు!" అన్నాడు బాబాయ్. అమ్మ నా పక్కకొచ్చి నిలబడింది. ఆవిడ కూడా వంగింది.

నాన్న మా ఇద్దర్నీ కాసేపు చూశాడు. కోప్పడతాడనుకున్నాను. నోరు పెద్దగా తెరిచి, నాలుక పైకెత్తి, మేము చాలనేదాకా అలాగే ఉన్నాడు.