ఒంటిచెప్పు గోవిందస్వామి

గోవిందస్వామి వంగి బండి కింద చూశాడు. కుక్కలేవీ పడుకోలేదు, ఆయిలు కారలేదు. టైర్లను మడమతో తన్ని, టమాటా క్రేట్లకు కట్టిన తాళ్లను లాగి చూసి, ఎడమవైపు తలుపు తీసుకుని ఎక్కాడు. ముప్పై ఏళ్లలో ఆ వైపు కూర్చోవడం ఇదే మొదలు. స్టీరింగు ముందు కూతురు హేమావతి కూర్చుంది.

ఆయన కళ్లకు పొర పట్టింది. సాయంత్రం కుప్పం బస్సెక్కాలి, రేపు ఆపరేషన్. చూపు తిరిగొచ్చినా లోడు బండి తోలే వయసు దాటిపోయిందని ఆయనకు తెలుసు. హేమావతికి లైసెన్సుంది, పదేళ్లు ట్రాక్టరు తోలిన చెయ్యి. కానీ టమాటా తోట యజమాని నల్లప్ప ఒప్పుకోవాలి కదా! చౌడేపల్లెలో నల్లప్ప ఒక బండికి లోడెత్తితేనే తక్కిన రైతులూ ఎత్తుతారు. ఆ మహానుభావుడు పరీక్షాధికారిలా ఇద్దరి మధ్యా ఇరుక్కుని కూర్చున్నాడు.

"ఈపొద్దు నువ్వు పక్కన ఉండావు, సరేప్పా. రేపట్నుంచి?" అన్నాడు.

హేమావతి గేరు న్యూట్రల్‌లో ఉందో లేదో చూసుకుని తాళం తిప్పింది. ఇంజను వేడెక్కేదాకా ఆగింది. దిగువల్లో రెండో గేరులోనే దింపింది. మలుపు వచ్చినప్పుడల్లా గోవిందస్వామి కుడికాలు, ఆ వైపు లేని బ్రేకును తొక్కుతూనే ఉంది. పుంగనూరు దగ్గరికొచ్చేసరికి ఆ కాలు నెమ్మదించింది.

టీ కోసం ఏటవాలులో ఆపారు. ఆమె హ్యాండుబ్రేకు లాగి, గేరులో వేసి దిగింది. ఆయన వెనక చక్రం కింద రాయి పెట్టి, అలవాటుగా ఎడమ చెప్పు విడిచి దాని పక్కనే ఉంచాడు. పదిహేనేళ్ల కిందట సోమల దారిలో ఇలాగే పెట్టిన రాయిని మరిచి వచ్చేశాడు. పాలు పోసే వెంకటముని మోపెడ్‌తో దానిమీద పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. ఆ చెయ్యి అతుక్కునేదాకా అతని పాలు గోవిందస్వామే మోశాడు. అప్పట్నుంచీ రాయి మరవకుండా ఈ ఒంటిచెప్పు గుర్తు. లోకమంతా నవ్వింది, నవ్వితే నవ్వనీ.

"నేనూ ఒంటి చెప్పుతో కుంటల్నా నాయనా? రాయి నాకు గ్యాపకం ఉంటాది" అంది హేమావతి.

టీ తాగి, నేరుగా ఎక్కి బండి కదిలించేసింది. గోవిందస్వామి రోడ్డుమీదే నిలబడిపోయాడు. చెప్పు తొడుక్కుని, రాయిని మోసుకొచ్చి, కాస్త ముందు ఆగిన బండి వెనక వేశాడు. నల్లప్ప అన్నీ చూశాడు. హేమావతికి ముఖం చెల్లలేదు. ఇక నల్లప్ప లోడు చేజారినట్టేనని గోవిందస్వామి అనుకున్నాడు.

మదనపల్లె మార్కెట్టులో అడుగు క్రేటు దాకా తీసి చూసుకున్నా నల్లప్పకు ఒక్క కాయ నలిగింది దొరకలేదు. అయినా రేపటి సంగతి తేల్చకుండానే మళ్లీ బండెక్కాడు.

సాయంత్రం పుంగనూరు బస్టాండు దగ్గర, మళ్లీ ఏటవాలే. గోవిందస్వామి సంచీ పట్టుకుని గబగబా కుప్పం బస్సెక్కాడు. కూతురు కిటికీ కింద నిలబడి మందుల చీటీ అందించింది. ఆమె వెనకనుంచి నల్లప్ప తల పెట్టాడు.

"రేప్పొద్దున అయిదుకు తోటకాడికి రమ్మని బిడ్డకు సెప్పినాలే. నువ్వు కండ్లు బాగుసేయించుకో."

ఎందుకు ఒప్పుకున్నాడో అడిగేలోగా బస్సు కదిలింది. గోవిందస్వామి కళ్లు చికిలించి తన బండికోసం వెతికాడు. ముందు చక్రాలు గట్టువైపు తిప్పి, బుద్ధిగా నిలబడి ఉంది. వెనక చక్రం కింద రాయి. రాయి పక్కన, మసకలోనూ తెలిసేటంత ఎర్రగా, ఆడవాళ్ల చెప్పు ఒకటి.