ఆరున్నొకటి

మా అమ్మాయి కారు తెల్లటి పొగ కక్కిన ఆదివారం నాడు, నేను భయపడ్డవాటిలో ఒక్కటే జరిగింది. కారు పల్టీ కొట్టలేదు, నిప్పు అంటుకోలేదు, గోడకు గుద్దుకోలేదు. పావు మైలు రోడ్డులో సగం దూరం వెళ్ళాక ఇంజను గొంతు పూడుకుపోయినట్టయింది. కారు నెమ్మదించి, తిన్నగా వెళ్ళి ఆగింది. అమ్మాయి దిగి హెల్మెట్ తీసి, ముందు నావైపు చూసి చెయ్యి ఊపింది. అప్పటికి నేను కంచె తీగను ఎంత గట్టిగా పట్టుకున్నానంటే, వేళ్ళు విప్పడానికి పక్కనున్నావిడ సాయం చేయాల్సి వచ్చింది.

నేను బట్టలు కుట్టేదాన్ని. ఎనిమిదో తరగతితో బడి మానేశాను. మా అమ్మాయి చిన్నప్పుడు సన్నగా, చురుగ్గా ఉండేదని సూది అని పిలిచేవాళ్ళం. ఇప్పుడు ఇరవై ఆరేళ్ళొచ్చి, గోళ్ళ నిండా గ్రీజున్నా ఇంట్లో దాని పేరు సూదే. ఇంజన్లు విప్పి కట్టడం మా తమ్ముడి దగ్గర నేర్చుకుంది. మా వీధి చివర వాడికి లేతు షెడ్డుంది. అరిగిపోయిన సిలిండర్లను చెక్కి మళ్ళీ గుండ్రంగా చేయడంలో వాడిది గట్టి చెయ్యి. పావు మైలు పందేలకు వెళ్ళే ఈ కారును మామా మేనకోడలూ కలిసి రెండేళ్ళు కట్టారు. నడిపేది మాత్రం అదే. మా ఆయన లారీ మీద ఊళ్ళు పట్టుకుని తిరుగుతాడు. ఆయనకు భయమంటే తెలియదు. ఆ వాటా కూడా నాకే వచ్చింది.

ఆ రోజు పొగ చూసి ఒక పెద్దాయన మా కారు దగ్గరికి వచ్చాడు. ఒక పెద్ద రేసు టీముకు హెడ్ మేస్త్రి. ఇంజన్లు కట్టే బల్ల ఒకటి తన షాపులో ఖాళీగా ఉందని, సూది సొంతంగా కట్టిన ఇంజను పరుగు చూసి పనికి పెట్టుకునే మాట చెబుతానని అంతకు నెల ముందే దానితో అన్నాడు. ఆ బల్ల కోసం అది ఎన్నాళ్ళుగా కలవరిస్తోందో నాకు తెలుసు. ఆయన ఇంజను మీద చెయ్యి పెట్టి, ఆయిలు వాసన చూసి, ఇది పిస్టనే అన్నాడు. సూది తల దించుకుంది.

"విరగడం తప్పు కాదమ్మా. ఎందుకు విరిగిందో తెలియకపోవడం తప్పు," అన్నాడు. "మూడు వారాల్లో మళ్ళీ పందెం ఉంది. ఇంజను కట్టుకుని రా. కారణం కూడా పట్టుకుని రా."

మర్నాడు షెడ్డులో ఇంజను విప్పారు. పని లేకపోయినా నేనూ వెళ్ళాను. అంత బరువు గొలుసుకు వేలాడుతుంటే కింద ఎవరి కాలు ఉంటుందో అని చూడడానికి ఒకరుండాలి కదా. వాళ్ళు తీసిన పిస్టన్లను నేను పరిచిన పాత దుప్పటి మీద వరసగా పెట్టారు. మొత్తం ఎనిమిది. ఆరు వరకు నున్నగా ఉన్నాయి, ఆఖరిదీ బాగుంది. దానికి ముందుది అలా లేదు. పై అంచు ఎలుక కొరికినట్టు విరిగిపోయింది. పిస్టన్ చుట్టూ గాజులా ఉండే పై రింగు మూడు ముక్కలైంది.

తమ్ముడు రింగు ముక్కను వెలుతురులో తిప్పి చూశాడు. దాని రెండు కొసలూ అద్దంలా మెరుస్తున్నాయి. ఆ రింగు పూర్తి గాజు కాదు. కొసల మధ్య సందు వదలాలి. నేను నేర్చుకున్న పనిలో బట్ట తడిస్తే ముడుచుకుంటుంది, అందుకని వదులు ఉంచుతాం. వాళ్ళ పనిలో ఇనుము కాగితే పెరుగుతుంది, అందుకని సందు ఉంచుతారు. సందు చాలకపోతే కొసలు రెండూ పొడుచుకుని, పెరగడానికి చోటు లేక పిస్టన్నే విరిచేస్తాయి. మెరుస్తున్న కొసలు అందుకు సాక్ష్యం.

సూది చిన్నబోయి, కొలతల పుస్తకం తెరిచింది. అన్నిటికీ ఇరవై ఎనిమిది థౌ పెట్టింది. అంగుళంలో వెయ్యో వంతును వాళ్ళు థౌ అంటారు. ఇప్పుడు విరిగిన ఆ ఒక్కదానికి మాత్రం, వెనక మూలన ఉండి ఎక్కువ కాగుతుందని, ముప్పై రెండు పెట్టింది. తేడా ఒక వెంట్రుక మందం. పుస్తకంలో అంతా సరిగ్గానే ఉంది. అప్పుడు దానికి ఏం తోచిందో, ఆరో పిస్టన్ పై రింగు తీసి, సిలిండర్‌లో పెట్టి, సన్నటి కొలత రేకులు దూర్చి సందు కొలిచింది. ముప్పై రెండు.

మళ్ళీ కొలిచింది. మళ్ళీ ముప్పై రెండే.

"దీనికి పెట్టాల్సింది దానికి, దానికి పెట్టాల్సింది దీనికి అరగదీశాను మామయ్యా," అంది. "ఏది చేస్తున్నానో కూడా చూసుకోలేదు. నా చెయ్యి పనికిరాదు. ఈసారి రింగులు నువ్వు చూడు."

చేతిలో ఉన్న ఆకురాయిని బల్ల మీద పెట్టేసింది. వేడి గిన్నెనైనా అది అంత తొందరగా దించి ఎరగదు. నా సంగతి చెప్పక్కర్లేదు. బల్ల పోయిందని, అది ఇక ఇంజను ముట్టదని, మనాది పెట్టుకుంటుందని, మనాదితో మంచం పడుతుందని ఇంటికి వచ్చే లోపలే అంతా ఊహించేశాను.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా ఇంట్లో ఏడు అనే అంకె లేదు. ఇప్పుడు రాస్తున్నాను గాని, అప్పటికి అది నా నోట వచ్చి నలభై ఏళ్ళయి ఉంటుంది. కొలిచేటప్పుడు, లెక్కపెట్టేటప్పుడు ఏడు అంటే ఏడవమని చెప్పినట్టేనని మా అమ్మమ్మ ఆరు తరవాత ఆరున్నొకటి అనేది. నాకూ అదే పట్టుకుంది. నా కొలతల పుస్తకంలో ముప్పై ఏడు ఛాతీ ఉన్న మనిషి లేదు. అందరూ ముప్పై ఆరున్నొకటే. సూది రెండో తరగతిలో ఏడో ఎక్కం అప్పచెప్పమంటే లేచి నిలబడి "ఆరున్నొకటి ఒకట్ల ఆరున్నొకటి, ఆరున్నొకటి రెళ్ల పద్నాలుగు" అని మొదలుపెట్టిందట. టీచరు నవ్వు ఆపుకోలేక బయటికి వెళ్ళి వచ్చిందని ఇప్పటికీ నన్ను దెప్పుతుంది.

మంగళవారం పొద్దున ఒక కోటుకు గుండీ వెతుకుతూ డబ్బా తీశాను. అడుగున ఎనిమిది చిన్న సంచులు ఉన్నాయి. పోయిన సారి రింగులు కలిసిపోకుండా అస్తరు గుడ్డ ముక్కలతో నేనే కుట్టిచ్చిన సంచులు. సూది ఒక్కో రింగు అరగదీసి ఇస్తుంటే సంచిలో వేసి, పైన సుద్దతో అంకె వేశాను. గుడ్డ ముక్క పారేసే అలవాటు నాకు లేదు కనక నూనె మరకలతోనే దాచాను.

ఒకటి, రెండు, మూడు. చూసుకుంటూ పోతే ఆరు అని ఒక సంచి ఉంది. దాని తరవాతది వెలుతురుకు పట్టి చూశాను. నేను దాని మీద ఆరు వేసి, కూడిక గుర్తు పెట్టి, ఒకటి వేశాను. నూనె చేతులకు కూడికలో నిలువు గీత చెరిగిపోయింది. అడ్డగీత ఒక్కటే మిగిలింది. చదివితే ఆరు, గీత, ఒకటి.

తమ్ముడి షెడ్డులో ఆ రాత ఎలా చదువుతారో నాకు తెలుసు. ముందు సిలిండర్ అంకె, గీత, తరవాత రింగు అంకె. అంటే ఆరో సిలిండర్‌కు మొదటి రింగు, పైది.

ఆ పూట ఒక చొక్కాకు రెండు ఎడమ చేతులు కుట్టాను. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. సంచులు నా డబ్బాలో ఉన్నాయి, డబ్బా నాది. కానీ మధ్యాహ్నం భోజనానికి వచ్చిన సూది పళ్ళెం ముందు కూర్చుని తన అరచేతులు చూసుకుంటోంది, అవి ఎవరివో అన్నట్టు. సంచులు కొంగున కట్టుకుని, దాన్ని వెంటబెట్టుకుని షెడ్డుకు వెళ్ళాను. దారిలో ఎందుకమ్మా అని రెండుసార్లు అడిగింది. చెబితే అక్కడే తిరిగి ఇంటికి వచ్చేస్తానని నాకు తెలుసు, అందుకని చెప్పలేదు.

తమ్ముడు సంచి చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. పోయిన సారి సూది కారు కింద పొగ గొట్టం బిగిస్తుంటే వెనక సిలిండర్లలో రింగులు వేసింది వాడే.

"ఈ గీత ఏమిటక్కా?" అన్నాడు.

"అది గీత కాదురా. కూడిక. నిలువుది చెరిగిపోయింది."

వాడు స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "ఆరు-ఒకటి అని ఉందని ఆరోదాంట్లో వేశాను. ఇంకో ఆరు మిగిలింది. నువ్వు ఏడు రాయవు కదా, మిగిలింది అదే అయ్యుంటుందిలే అనుకున్నాను. ఎవడైనా పరాయివాడైతే నిన్ను అడిగేవాడు. నీ తమ్ముణ్ణి కనక అన్నీ తెలుసనుకున్నాను. కొలిచి చూడనైనా లేదు."

సూది మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా పడాల్సిందే. అది అడిగింది వేరు.

"అయితే నేను అరగదీసింది సరిగ్గానే ఉందా?"

"నువ్వు పెట్టిన ముప్పై రెండు ముప్పై రెండే," అన్నాడు తమ్ముడు. "దారి తప్పించింది మీ అమ్మా నేనూ."

అది బల్ల దగ్గరికి వెళ్ళి, నిన్న పెట్టేసిన ఆకురాయిని తీసి, ఎప్పటిలా పై జేబులో పెట్టుకుంది. తరవాత నా భుజం మీద చెయ్యి వేసింది. "అమ్మా, ఈసారి సంచులు అందించేది నువ్వే. ఆరున్నొకటి అన్నావంటే నాకు చెవుడు."

ఆ రెండు వారాలు షెడ్డులో జరిగిన పని చూసి తీరాలి. గీతలు పడ్డ సిలిండర్‌తో పాటు ఎనిమిదింటినీ తమ్ముడు ఒకే కొలతకు చెక్కాడు. ఆ పైన నునుపు రాయి తిప్పితే గోడల మీద సన్నటి ఏటవాలు గీతలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. అచ్చం పడుగూ పేకా. నేత ఉంటేనే గుడ్డ చెమట పీల్చినట్టు, ఆ గీతల్లోనే ఆయిలు నిలుస్తుందట. కొత్త పిస్టన్లు వచ్చాయి. సూది ఒక్కో రింగును సిలిండర్‌లో పెట్టి, రేకు దూర్చి, తీసి, ఆకురాయితో రెండు రుద్దులు రుద్ది, మళ్ళీ పెట్టేది. దాని ముఖంలో ఆనాటి దిగులు మచ్చుకైనా లేదు. నేను కొత్త సంచులు కుట్టాను. ఈసారి సుద్ద లేదు. అంకెలు ఎర్ర దారంతో కుట్టేశాను. చెరగాలంటే కత్తెర కావాలి. ఏడు కుట్టడానికి రెండే గీతలు. ఒకటి తరవాత అన్నిటికన్నా సులువైన అంకె అదేనని అప్పుడు తెలిసింది.

బిగించే రోజు నన్ను సంచుల పక్కన నిలబెట్టారు. సంచి అందించే ముందు నేను అంకె చదవాలి, రింగు వేసే ముందు అది మళ్ళీ కొలవాలి. ఒకటి అన్నాను, కొలిచింది, వేసింది. అలా ఆరు దాటింది. అది చెయ్యి చాపి ఉంచింది. తమ్ముడు స్పానరు తుడవడం ఆపాడు. అమ్మమ్మ కళ్ళ ముందు మెదిలింది.

"ఏడు," అన్నాను.

షెడ్డు కప్పు కూలలేదు. "ముప్పై రెండు," అంది సూది కొలిచి. రింగు లోపలికి వెళ్ళింది. ఎనిమిది అడిగింది.

పందెం రోజు మామూలుగానే భయపడ్డాను. కంచె తీగ పట్టుకోలేదు, చేతులు కట్టుకుని నిలబడ్డాను. అంతే తేడా. పచ్చ దీపం వెలిగింది. ఆ మోత గుండెలో కాదు, పళ్ళల్లో వినిపించింది. సగం దూరం దాటింది. పోయిన సారి పొగ వచ్చిన చోటు దాటింది. ఆ చివర కారు వెనక, వేగం ఆపే గుడ్డ గొడుగు తెరుచుకుంది. జనం బోర్డు వైపు తిరిగి అంకెలు చదువుతున్నారు. నేను చదవలేదు. తొమ్మిది సెకండ్లు పట్టలేదని తరవాత ఎవరో చెప్పారు. కారును లాక్కుని వచ్చేదాకా నాకు పొగ లేదన్న సంగతి ఒక్కటే చాలింది.

హెడ్ మేస్త్రి వచ్చాడు. ఏ ప్లగ్గు విప్పమంటారని సూది అడిగితే, పోయినసారి పిస్టన్ విరిగిన చోటిదే అన్నాడు. పిస్టన్ కరుగుతుంటే ప్లగ్గు మొన మీద వెండి రంగు రవ్వలు అంటుకుంటాయని తమ్ముడు నాకు ముందే చెప్పి ఉన్నాడు. వేడి ప్లగ్గును సూది పటకారుతో పట్టుకుంటే, ఆయన చూడకముందే నేను కళ్ళజోడు పెట్టుకుని తల దూర్చాను. లేత గోధుమరంగు. రవ్వ లేదు. అప్పుడు పక్కకు జరిగి ఆయనకు చోటిచ్చాను.

ఆయన చూసి తల ఊపాడు. "మరి పోయినసారి ఎందుకు విరిగింది?"

సూది నావైపు చూసింది. తన తప్పు లేదని అది చెప్పుకోవచ్చు. చెప్పలేదు. ఆ మాట నాకు వదిలింది.

"అది ఏడో సిలిండర్ అండీ," అన్నాను. "ఆ అంకె అనడానికి, రాయడానికి నాకు భయం. అందుకని సంచి మీద వేరేలా రాశాను. మా తమ్ముడు అది ఆరు అని చదివాడు. అమ్మాయి కొలత ఒక్క వెంట్రుక కూడా తప్పలేదు." కొంగులోంచి పాత సంచి, కొత్త సంచి రెండూ తీసి ఆయన చేతిలో పెట్టాను.

ఆయన రెండింటినీ తిప్పి తిప్పి చూశాడు. ఎర్ర దారం అంకెను గోటితో గీరి చూశాడు. తన షాపులో రింగులు కాగితం పొట్లాల్లో పెడతారని, పోయిన ఏడాది రెండు పొట్లాలు మారిపోయాయని, ఎందుకో ఇప్పటికీ తేలలేదని అన్నాడు. తరవాత సూదితో, సోమవారం ఎనిమిదింటికల్లా బల్ల దగ్గర ఉండమన్నాడు. నాతో, ఇలాంటివి ఇంకో ఎనిమిది కుట్టగలరా అన్నాడు.

అది పనికి వెళ్ళి నాలుగు రోజులైంది. దాని బల్ల కిటికీ పక్కనట. చలిగాలి కొడుతుందేమో కనుక్కోవాలి. నేను సంచులు కుడుతున్నాను. ముందు ఏడుతో మొదలుపెట్టాను. అది అయిపోతే మిగతావాటి గురించి తీరిగ్గా భయపడొచ్చు.