పేరుకు ముందు పబ్లిక్

మధ్యాహ్నం మూడింటికి, ఆరిన బట్టలు మడత పెడుతుంటే నాకు ఆ మాట గుర్తొచ్చింది. పబ్లిక్. చేతిలో దుప్పటి సగం మడతలోనే ఆగిపోయింది.

ఆడవాళ్ళ ఆస్పత్రి ఒకదానికి వెబ్‌సైటు చూసే ముగ్గురిలో నేనొకదాన్ని. ఇంటి నుంచే పని. రెండు వారాలుగా పాత బిల్డ్ టూల్ తీసేసి కొత్తది అమరుస్తున్నాను. మేం రాసే వందల ఫైళ్ళను కుదించి ఒక్క మూటగా కట్టడం దాని పని. సైటు తెరిచిన ప్రతివాళ్ళ కంప్యూటర్‌కూ ఆ మూట వెళ్తుంది కాబట్టి, అందులో ఏం పెట్టాలో ముందే చెప్పి ఉంచాలి. పేరుకు ముందు పబ్లిక్ అని ఉన్న వివరాలే మూటలోకి వెళ్ళాలి, తక్కినవి మా సర్వర్ గడప దాటకూడదు. ఆ నియమం రాసింది నేనే.

పొద్దున పదింటికి రిపోర్టుల పేజీ ఖాళీగా వచ్చింది. రికార్డులు తెరిచే తాళంచెవి, అంటే ఒక రహస్య అక్షరాల వరుస, దొరకడం లేదని తెర మీద ఎర్ర అక్షరాలు. పెరట్లోంచి అత్తయ్య పాలు పొంగుతున్నాయేమో చూడమంటోంది. పేరు సరిగ్గా ఇవ్వలేదు కాబోలనుకుని ఆ తాళంచెవి పేరుకు ముందు పబ్లిక్ తగిలించాను. ఎర్ర అక్షరాలు పోయాయి, పేజీ నిండింది. మూట కట్టి సైటుకు పంపేసి పాలగిన్నె దించాను. నేను రాసిన ప్రతి వరుసనూ మూడుసార్లు చదివే మా ముగ్గురిలో పెద్దాయన, చాటుగా మేం చాదస్తం అని పిలుచుకునే మనిషి, రెండు రోజులు సెలవులో ఉన్నాడు. ఆయన లేడని పొద్దున నాకు హాయిగానే ఉంది.

దుప్పటి కింద పడేసి కంప్యూటర్ దగ్గరికి పరిగెత్తాను. బయటివాళ్ళు తెరిచినట్టే సైటు తెరిచి, వచ్చిన మూటలో వెతికాను. తాళంచెవి ఉంది. నలభై అక్షరాలు, కొట్టొచ్చినట్టు. అయిదు గంటలుగా అక్కడే ఉంది.

ఆ రికార్డుల్లో మా ఆడపడుచు ఉంది. ఇంట్లో అందరం పండు అంటాం. రెండు నెలలుగా మా ఇంట్లోనే, పక్క గదిలోనే ఉంటోంది. కడుపు నిలబడలేదని అందరికీ చెప్పింది. అది నిజం కాదు, తనే వద్దనుకుంది. ఈ సంగతి తెలిసింది ఆస్పత్రికీ నాకూ మాత్రమే. సొంత అన్నకు, అంటే మా ఆయనకు కూడా చెప్పలేదు. అసలు ఆ ఆస్పత్రికి వెళ్ళమన్నది నేనే. రికార్డులు మా చేతుల్లోనే ఉంటాయి, భయం లేదన్నాను.

పండు మొగుడిదీ మా పనే. పోయినసారి వచ్చినప్పుడు భోజనాల దగ్గర నవ్వుతూ, "అక్కయ్యగారూ, తీరిక దొరికితే మీ సైటుకి చిల్లులెక్కడున్నాయో వెతుకుతుంటాను" అన్నాడు. నేనూ నవ్వాను. పండు నవ్వలేదు. మాట పెరిగితే ముందు లేచి తలుపు గడియ వేసి, ఆ తర్వాత నెమ్మదిగా మాట్లాడతాడని ఒకసారి నాతో చెప్పింది. ఆ గదిలోకి బిడ్డను తేలేనని చెప్పింది.

చాదస్తానికి ఫోన్ చేశాను. చెప్పడం మొదలుపెట్టేసరికే ఏడుపొచ్చేసింది.

"ముందు తాళం మార్చమ్మా. ఏడుపు తర్వాత" అన్నాడాయన.

ఆయన చెబుతుంటే ఒక్కొక్కటే చేశాను. పాత తాళంచెవి పనిచేయకుండా ఆపాను. పబ్లిక్ తీసేసి మూట మళ్ళీ కట్టాను. అక్షరాలు తప్పు పడుతుంటే చెరిపి మళ్ళీ కొట్టాను. ఈలోగా ఆయన తన ఇంట్లో కూర్చుని సర్వర్ చిట్టా తెరిచాడు. పొద్దుటి నుంచి వచ్చినవాళ్ళంతా ఎవరి రిపోర్టు వాళ్ళే చూసుకున్నారట. పన్నెండూ ఇరవైకి మాత్రం ఒకరెవరో పేజీతో పని లేకుండా, తాళంచెవి వాడి మొత్తం జాబితా లాగేశారు.

ఎవరని అడిగాను. చిట్టాలో అంకెలే ఉంటాయి, మనిషి పేరుండదన్నాడు. ఆస్పత్రివాళ్ళతో తను మాట్లాడతానన్నాడు. ఆ తర్వాత, "ఆ జాబితాలో ఉన్న ప్రతి ఆవిడకీ చెప్పాలమ్మా. తప్పదు" అన్నాడు.

పక్క గదిలో పండు కిటికీ దగ్గర కూర్చుని జాకెట్టుకు హుక్కులు కుట్టుకుంటోంది. నేను నిలబడే చెప్పాను. పబ్లిక్ గురించీ మూట గురించీ చెబుతుంటే తనకెంత అర్థమైందో తెలియదు. పన్నెండూ ఇరవై అన్నప్పుడు మాత్రం సూది ఆగిపోయింది.

"ఆయనేనా వదినా?"

"తెలీదే. ఎవరైనా కావొచ్చు."

తను ఫోన్ తీసి నా చేతిలో పెట్టింది. ఒంటిగంటకు మొగుడి దగ్గర్నుంచి వచ్చిన మెసేజి. ఒంట్లో ఎలా ఉందని అడిగాడు. ఆదివారం కాదు, రేపే వస్తున్నానన్నాడు.

"రెండు నెలల్లో ఎప్పుడూ అడగలేదు వదినా, ఎలా ఉన్నావని."

నేను ఆ రెండు వాక్యాలూ పదిసార్లు చదివాను. ఏమీ తెలియని మొగుడు రాసినట్టూ ఉన్నాయి, అన్నీ తెలిసినవాడు రాసినట్టూ ఉన్నాయి.

నన్ను క్షమించమన్నాను. పండు తల అడ్డంగా ఊపింది. క్షమించనని కాదు, ఇప్పుడా మాటలు వద్దని. లేచి తలుపు దాకా వెళ్ళి గడియ వంక చూసి, తలుపు బార్లా తెరిచి వచ్చి కూర్చుంది.

"అన్నయ్యని రేపు సెలవు పెట్టమను" అంది.

"ఎందుకని అడుగుతారు."

"అడగనీ. నేనే చెప్తాను. నువ్వు మధ్యలో మాట అందుకోకు, అందుకుంటే నేనిక చెప్పలేను."

అయిదున్నరకు మా ఆయన వచ్చి చెప్పులు విప్పుతూ, ఏంటి ఇల్లింత నిశ్శబ్దంగా ఉందని అడిగాడు. పండు నా చెయ్యి పట్టుకుంది.

"అన్నయ్యా, ఇలా వచ్చి కూర్చో" అంది.