అరచేతి గులాబీ

ఆ రంగుల దుకాణంలో ముప్పై ఏళ్లుగా రంగులు కలిపేది మాస్టారే. ఎవరు ఏ గోడ పెచ్చు పట్టుకొచ్చినా డబ్బాలో కర్ర నాలుగు తిప్పులు తిప్పి అచ్చం ఆ రంగే దింపేవాడు. దుకాణం బావమరిదిది. కిటికీ పక్కన ఎత్తు స్టూలు మాత్రం మాస్టారిది. గుండె బలహీనపడిందని డాక్టరు చెప్పాక ఇంట్లో మెట్లన్నీ ఆయన మీద కత్తిగట్టాయి గానీ, ఆ స్టూలెక్కితే ప్రాణం లేచొచ్చేది.

ఈ ఆర్నెల్లలో ఆయాసం మరీ ఎక్కువైంది. మళ్లీ చూపించుకుందామని భార్య పోరుతూనే ఉంది. గుండె జబ్బన్నాక ఆయాసం రాక అత్తగారు వస్తుందా అని ఆయన కొట్టిపారేశాడు.

ఇలా ఉండగా ఒకావిడ దుకాణం మీదికి దండెత్తి వచ్చింది. పోయినేడాది పడకగదికి మాస్టారి పేరుమోసిన గులాబీ రంగు వేయించిందట. చెమ్మకు పాడైన ఒక్క గోడకు మొన్న మళ్లీ అదే కొనుక్కెళ్లిందట. "మూడు గోడలు నవ్వుతున్నాయి, నాలుగోది జ్వరం పడి లేచినట్టుంది" అంది. ఆవిడ వెనకే మరో ఇద్దరు అదే గొడవతో వచ్చారు.

"బావా, మీ చూపు పోయింది. రంగులు కలిపే మిషను కొంటాను, మీరిక ఇంటిపట్టున ఉండండి" అని తేల్చేశాడు బావమరిది.

గుండె జబ్బని విన్న రోజు కూడా మాస్టారికి అంత దిగులు కలగలేదు. స్టూలు పోతే తానిక మంచం మీది మనిషే. కళ్లు బాగున్నాయని కాగితం తెచ్చి వాడి మొహాన కొడతానని పంతం పట్టి, భార్యతో కంటి డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాడు.

ఆవిడ అక్షరాలు చదివించింది, రంగు చుక్కల్లో అంకెలు వెతికించింది. అన్నీ గడగడా చెప్పేశాడు. చివర్లో కింది రెప్ప లాగి చూసి ఆవిడ ఆగిపోయింది. చూపుకు ఢోకా లేదు గానీ రెప్ప లోపల ఎర్రగా ఉండాల్సింది పాలిపోయి ఉందని, అరచేయి కూడా చూపించమని అడిగింది.

మాస్టారు చేయి చాపి దానికేసి చూసుకున్నాడు. పాలిపోయిన ఆ చేయిని దొంగలా వెనక్కి లాక్కున్నాడు.

"ఏమైందండీ?" అంది భార్య.

"ఆ గులాబీకి కొలతలంటూ ఏమీ లేవే. మొదట్నుంచీ నా అరచేయి చూసే కలుపుతున్నా."

డాక్టరమ్మకు నవ్వాగలేదు. భార్యకు ఏడుపాగలేదు. ఆర్నెల్లుగా చెబితే వినని మనిషి తన జబ్బును ఊళ్లో గోడలకు పూసి వచ్చాడు.

గుండె డాక్టరు రక్తపరీక్షలు చేయించాడు. గుండె నీరసించినవాళ్లలో చాలామందికి ఒంట్లో ఇనుము తగ్గి రక్తహీనత వస్తుందనీ, ఆయాసమంతా గుండె మీదికే నెట్టి కూర్చుంటారనీ చివాట్లు పెట్టాడు. ఇనుము ఎందుకు తగ్గిందో వెతికించి, నరంలోకి మందు ఎక్కించాడు. బావమరిది మిషనును రెండు నెలలు వాయిదా వేశాడు.

రెండు నెలలకు మాస్టారు ఇంటి మెట్లు ఒక్కసారే ఆగి ఎక్కాడు. మర్నాడు దుకాణంలో అరచేయి వెలుతురులో పెట్టుకుని గులాబీ కలిపి పంపాడు. నాలుగో గోడ మిగతా మూడింటిలో కలిసిపోయింది. బావమరిది మిషను మాట మళ్లీ ఎత్తలేదు, కొలతలు మాత్రం దగ్గరుండి రాయించుకున్నాడు.

ఆ వారంలోనే ఒకాయన వచ్చాడు. తాను మూడు నెలల కిందట తీసుకెళ్లిన లేత గులాబీ ఇంటిల్లిపాదికీ తెగ నచ్చిందట, ఇంకో పది డబ్బాలు కావాలట. బావమరిది ఆశగా బావకేసి చూశాడు.

మాత్రలు ఇవ్వడానికి వచ్చిన మాస్టారి భార్య మొగుడి చేయి గట్టిగా పట్టుకుంది.

"ఆ రంగు ఇక రాదు బాబూ. నేనే ఆపించేశాను."